రెడ్ వైన్ బ్లెండ్‌లు, హైదరాబాద్ వంటకాలు: మసాలాను బట్టి ఎంపిక

రెడ్ వైన్‌కు మటన్ తోడు అన్న సూత్రం హైదరాబాద్‌లో పెద్ద హోటళ్ల మెనూల్లోనూ, వైన్ గురించి మాట్లాడుకునే ఇళ్లలోనూ తరచుగా వినిపిస్తుంది. ఉప్పు, మిరియాలు, వెన్న, కాస్త వెల్లుల్లి తప్ప మాంసానికి మరేమీ పట్టించని వంటిళ్లలో పుట్టిన సూత్రమది. అక్కడ పళ్లెంలో ముందుగా తెలిసే రుచి మాంసానిదే కాబట్టి, వైన్‌ను మాంసాన్ని బట్టి ఎంచుకోవడం సబబే. హైదరాబాద్‌లో మటన్ ఒంటరిగా పళ్లెంలోకి రాదు. పెరుగు, పచ్చిమిర్చి, వేయించిన ఉల్లిపాయలు, నువ్వులు, పల్లీలు, చింతపండు, గోంగూర, గరం మసాలా వంటి వాటిలో నాలుగైదు దాని వెంట వస్తాయి. అదే మటన్ దమ్ బిర్యానీలో ఒక రకంగా, గోంగూరతో మరో రకంగా, వేడి రాతిపై కాల్చినప్పుడు ఇంకో రకంగా నాలుకకు తగులుతుంది. అందువల్ల ఇక్కడి భోజనానికి రెడ్ వైన్ ఎంచుకునేటప్పుడు మాంసం ఏదన్న ప్రశ్నను పక్కన పెట్టి, మసాలాలో కారం ఎంత, పులుపు ఎంత, కొవ్వు ఎంత అని చూడడమే సరైన పద్ధతి. ఆ లెక్కన చూస్తే, ఒకే ద్రాక్ష రకంతో చేసిన గట్టి వైన్‌ల కన్నా రెండు మూడు రకాలు కలిపిన బ్లెండ్‌లు, అందులోనూ వగరు తక్కువగా ఉండేవి, ఎక్కువ వంటకాలకు సరిపోతాయి.

బ్లెండ్ అనగానే మిగిలిపోయిన సరుకునంతా ఒకచోట పోశారన్న అనుమానం కొందరికి కలుగుతుంది. ఒకే డిస్టిలరీలో చేసిన సింగిల్ మాల్ట్‌ను గొప్పగా, కలిపి చేసినవాటిని తక్కువగా చూసే విస్కీ అలవాటు వైన్‌కూ పాకినట్టుంది. వైన్ విషయంలో ఈ అంతస్తులు నిలవవు. ఫ్రాన్స్‌లో బోర్డో ప్రాంతపు వైన్‌లకు 1855లో చేసిన వర్గీకరణలో పై వరుసలో నిలిచిన లాఫీత్, లాతూర్, మార్గో వంటి షాతోల (ద్రాక్షతోటల ఎస్టేట్‌ల) రెడ్ వైన్‌లన్నీ బ్లెండ్‌లే. వాటిలో కాబెర్నే సావిన్యాన్, మెర్లో, కాబెర్నే ఫ్రాంక్, పెటీ వెర్డో రకాలు ఏటా వేర్వేరు పాళ్లలో కలుస్తాయి.

ఈ కలయిక మొదలైంది రుచి కోసం మాత్రమే కాదు, వాతావరణ భయంతో కూడా. మెర్లో తీగ ముందుగా చిగురిస్తుంది, ముందుగా పండుతుంది. అందువల్ల వసంతకాలపు మంచుకు దెబ్బతినే ప్రమాదం దానికి ఎక్కువ. కాబెర్నే సావిన్యాన్ ఆలస్యంగా చిగురించి ఆలస్యంగా పండుతుంది; మంచు నుంచి తప్పించుకున్నా, శరదృతువులో వానలు ముందే వస్తే పూర్తిగా పక్వానికి రాదు. రెండూ నాటుకున్న రైతుకు ఏదో ఒకటి చేతికి వస్తుంది. మెట్ట చేలో కందినీ జొన్ననూ కలిపి వేసే తెలంగాణ రైతుకు ఈ తర్కం కొత్తేమీ కాదు. గరోన్ నది ఎడమ గట్టున గులకరాళ్ల నేలలో కాబెర్నే పాలు ఎక్కువగానూ, దోర్దోన్ నది కుడి గట్టున బంకమట్టి నేలల్లో మెర్లో పాలు ఎక్కువగానూ ఉండడానికి కారణం కూడా ఆ నేలలు వేడిని, తేమను నిలుపుకునే తీరే. వాతావరణం మారుతున్నకొద్దీ ఈ జాబితా పెరుగుతోంది: పోర్చుగల్‌కు చెందిన తూరిగా నాసియొనాల్, కాబెర్నే సావిన్యాన్‌నూ గ్రెనాష్‌నూ సంకరం చేసి పుట్టించిన మార్సెలాన్ వంటి కొన్ని కొత్త రకాలను బ్లెండ్‌లో 10 శాతం మించకుండా వాడుకోవడానికి బోర్డోలో 2021లో అనుమతి లభించింది.

ఇక్కడి భోజనానికి ఎక్కువ పనికివచ్చే బ్లెండ్ మాత్రం బోర్డోది కాదు. ఫ్రాన్స్ దక్షిణాన రోన్ నది లోయలో గ్రెనాష్, సిరా, మూర్వేద్ర్ రకాలను కలిపి చేసే వైన్ అది. ఆస్ట్రేలియాలో మూడు పేర్ల మొదటి అక్షరాలతో జీఎస్ఎం అంటారు; వైన్ దుకాణాల్లో కూడా ఆ పేరే ఎక్కువగా చెల్లుతుంది. మూడింటి స్వభావాలు మూడు. గ్రెనాష్ తోలు పలుచన, రంగు తేలిక, వగరు తక్కువ; ఎండకు బాగా పండి చక్కెర నింపుకుంటుంది కాబట్టి దాని వైన్‌లో ఆల్కహాల్ ఎక్కువ, పండిన స్ట్రాబెర్రీ వంటి వాసన ఎక్కువ. సిరా, అంటే ఆస్ట్రేలియాలోనూ మన దేశంలోనూ షిరాజ్ పేరుతో అమ్ముడయ్యే రకం, ముదురు రంగును, నల్లని పండ్ల రుచిని, మిరియపు ఘాటును ఇస్తుంది. మూర్వేద్ర్ ఆలస్యంగా పండే మొండి రకం. వగరును, అడవి జంతువుల మాంసపు వాసనను తలపించే గాఢతను తెస్తుంది. ఒక్క గ్రెనాష్‌తోనే చేసిన వైన్ తొందరగా గాలి తగిలి నీరసపడుతుంది. ఒక్క మూర్వేద్ర్‌తో చేసినది యవ్వనంలో నోటిని బిగబట్టేస్తుంది. కలిస్తే ఒకదాని లోపాన్ని ఒకటి కప్పుతుంది. ఇదే లోయలోని షాతోనెఫ్ దు పాప్ వైన్‌లో 13 ద్రాక్ష రకాల వరకు కలపడానికి నియమాలు అనుమతిస్తాయి. అన్నిటినీ వాడే నిర్మాతలు కొద్దిమందే అయినా, ఆ అంకె వినగానే వైన్ ప్రియులకు ఒక సరదా.

సిరాలోని మిరియపు వాసన కవి కల్పన కాదు. దానికి కారణమైన రోటన్‌డోన్ అనే పదార్థాన్ని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో షిరాజ్ ద్రాక్షలో గుర్తించారు. నల్ల మిరియాల ఘుమఘుమకు మూలం కూడా అదే పదార్థం. దాదాపు ఐదుగురిలో ఒకరికి ఆ వాసన అసలు తెలియదని కూడా ఆ పరిశోధనల్లో తేలింది. ఒకే బల్ల దగ్గర ఒకరు షిరాజ్‌ను మెచ్చుకుంటుంటే మరొకరు ‘ఇందులో మిరియాలు ఎక్కడున్నాయి?’ అని అడగడం ఇద్దరి తప్పూ కాదన్నమాట.

సాధారణంగా ఈ రకాలను విడివిడిగా కోసి, విడివిడిగా పులియబెట్టి, పీపాల్లోనో ట్యాంకుల్లోనో కొన్ని నెలలు ఉంచి, ఆ తర్వాత కొలపాత్రల్లో చిన్న నమూనాలుగా కలిపి రుచి చూసి పాళ్లు నిర్ణయిస్తారు. రెండు మూడు శాతం పెటీ వెర్డో చేరినా రంగులోనూ వగరులోనూ తేడా తెలుస్తుంది. ఉత్తర రోన్‌లోని కోత్ రోతీలో మాత్రం నల్ల సిరాతో పాటు తెల్లని వియోనియే ద్రాక్షను ఒకే తొట్టిలో పులియబెట్టే సంప్రదాయం ఉంది. తెల్ల ద్రాక్ష కలిస్తే రంగు పలచబడాలి గానీ, రంగు అణువులు స్థిరపడి వైన్ మరింత నిగనిగలాడుతుంది.

సీసా మీద ఒకే ద్రాక్ష పేరు ఉన్నంత మాత్రాన లోపల అదొక్కటే ఉందని అనుకోనక్కర లేదు. యూరప్, ఆస్ట్రేలియా నియమాల ప్రకారం ఆ రకం 85 శాతం ఉంటే చాలు. అమెరికాలో చాలా వైన్‌లకు 75 శాతం సరిపోతుంది. ఆస్ట్రేలియా సీసాలపై రెండు పేర్లు ఉంటే ఎక్కువ పాలు ఉన్నది ముందు వస్తుంది. కాబెర్నే షిరాజ్, షిరాజ్ కాబెర్నే అన్నవి ఒకటే అనిపించినా, బిర్యానీ పక్కన వాటి నడత వేరు. ఎందుకు వేరో తెలియాలంటే నోట్లో ఏం జరుగుతుందో చూడాలి.

ద్రాక్ష తోలు, గింజలు, ఓక్ చెక్క పీపాల నుంచి వైన్‌లోకి వచ్చే టానిన్లు లాలాజలంలోని ప్రొటీన్లను పట్టుకుని ముద్దకట్టిస్తాయి. జారుడుతనం పోయి నాలుక, చిగుళ్లు బిగిసినట్టు అనిపిస్తాయి. పచ్చి అరటికాయ కొరికినప్పటి వగరు ఇదే. మాంసపు ప్రొటీను, కొవ్వు తోడైతే టానిన్లు వాటి మీదికి పోయి నోటిని కొంత వదిలేస్తాయి, ఉప్పు కూడా ఆ చేదును తగ్గిస్తుంది. స్టేక్ పక్కన కాబెర్నే బాగుండడం వెనక ఉన్న రహస్యం ఇంతే. ఈ లెక్కలోకి మిరపకాయ వచ్చినప్పుడు కథ మారుతుంది. మిరపలోని క్యాప్సైసిన్ రుచిని కాదు, నొప్పినీ వేడినీ గుర్తించే గ్రాహకాన్ని తాకుతుంది. 1997లో అమెరికా శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ బృందం గుర్తించిన ఆ గ్రాహకం పేరు టీఆర్‌పీవీ1. ఆయనకు 2021లో నోబెల్ బహుమతి దక్కింది ఈ పరిశోధనలకే. మామూలుగా 42, 43 డిగ్రీల వేడి తగిలితే గానీ స్పందించని ఈ గ్రాహకం, ఇథనాల్ సమక్షంలో 34 డిగ్రీల దగ్గరే స్పందించడం మొదలుపెడుతుందని 2002లో ఒక పరిశోధనలో తేలింది. నోటి వేడి అంతకన్నా ఎక్కువే. అంటే కారం తిన్న నోట్లో 14 శాతం ఆల్కహాల్ పోయడం మంటను ఆర్పదు, ఎగదోస్తుంది. మంటెక్కిన నోటికి వగరు కూడా మరింత గరుకుగా, ఓక్ పీపా తెచ్చే చేదు మరింత ముదురుగా తెలుస్తాయి. పండు రుచి వెనక్కి తగ్గి, వైన్‌లో ఎముకలు మాత్రమే మిగులుతాయి.

పులుపుది మరో లెక్క. చింతపండులో ప్రధానంగా ఉండేది టార్టారిక్ ఆమ్లం. ద్రాక్షకూ వైన్‌కూ వెన్నెముకలాంటిది అదే ఆమ్లం. ఈ బంధుత్వం చూసి రెండూ కలిసిపోతాయని అనుకుంటే పొరపాటు. పులుసులో ఆమ్లం మోతాదు వైన్‌లో కన్నా ఎక్కువగా ఉంటే, పులుసు తర్వాత తాగిన వైన్ చప్పగా, నిర్జీవంగా అనిపిస్తుంది. వేడి ప్రాంతాల్లో పండిన ద్రాక్షలో పులుపు సహజంగానే తగ్గుతుంది కాబట్టి, వెచ్చని నేలల వైన్‌లకు ఈ కష్టం ఎక్కువ. తీపి కూడా ఇలాగే ఎదురు తిరుగుతుంది: వంటకంలో బెల్లమో చక్కెరో తగిలితే, తీపి లేని వైన్ పులిసిపోయినట్టు అనిపిస్తుంది.

ఇప్పుడు జీఎస్ఎం బలమూ బలహీనతా రెండూ కనిపిస్తాయి. వగరు తక్కువ, పండు రుచి ఎక్కువ, ఓక్ వాసన సాధారణంగా తక్కువ. ఇవన్నీ మసాలాకు అనుకూలమే. కానీ గ్రెనాష్‌కు ఆల్కహాల్ ఎక్కువ, పులుపు తక్కువ, 14.5 శాతం దాటే సీసాలు అరుదేమీ కాదు. కాబట్టి బ్లెండ్ పేరు చూసి ఊరుకోకుండా సీసా వెనక చిన్న అక్షరాల్లో ఉండే ఆల్కహాల్ శాతాన్ని కూడా చదవాలి. 13, 13.5 దగ్గర ఉన్నదైతే హైదరాబాద్ బల్ల మీద నెగ్గుకొస్తుంది. 15 దగ్గర ఉన్నది ఎంత ఖరీదైనదైనా కారం కూరల పక్కన ఓడిపోతుంది. ఖరీదు పెరిగేకొద్దీ కొత్త ఓక్ పీపాల వాడకం కూడా పెరగడం మామూలు కాబట్టి, ఈ వంటకాల వరకు మధ్యరకం ధర సీసాయే చాలాసార్లు మెరుగ్గా కుదురుతుంది. డబ్బు మిగిలే సందర్భాలు వైన్ లోకంలో తక్కువ గనుక దీన్ని గుర్తుంచుకోవచ్చు.

హైదరాబాద్ వంటకాల్లో పాత సూత్రం దాదాపు యథాతథంగా పనిచేసేది పత్తర్ కా గోష్త్ దగ్గర. కాలిన నల్లరాతి పలకపై పలుచని మటన్ ముక్కలు కాలుతాయి. మాడిన అంచులు, ఉప్పు, కొవ్వు, మిరియాలు, కొద్దిగా మసాలా తప్ప గ్రేవీ ఉండదు, చింతపండు ఉండదు. ఇక్కడ కాబెర్నే, షిరాజ్ కలిసిన గట్టి బ్లెండ్‌కు చోటుంది. టానిన్‌కు పట్టుకోవడానికి కొవ్వు దొరుకుతుంది, కాలిన వాసనకు పీపా పొగరుచి జత కలుస్తుంది, షిరాజ్ మిరియం మాంసం మీది మిరియంతో కలిసిపోతుంది. సీఖ్ కబాబుకూ ఇదే వర్తిస్తుంది, పక్కన పెట్టిన పుదీనా చట్నీని కొంచెం అదుపులో వాడితే. శికంపూరీ కబాబు లోపల పెరుగు, ఉల్లిపాయ, పుదీనా కూరి ఉంటాయి కాబట్టి మెర్లో పాలు ఎక్కువున్న మెత్తని బ్లెండ్ దానికి నయం.

దమ్ బిర్యానీని కాస్త నిదానంగా చూడాలి. కచ్చి పద్ధతిలో పచ్చి మటన్‌ను పెరుగు, అల్లం వెల్లుల్లి, పచ్చిబొప్పాయి, మసాలాలతో నానబెట్టి, పైన సగం ఉడికిన బాస్మతి పరిచి, మూతకు పిండి అంటించి దమ్ చేస్తారు. పెరుగులోని కేసీన్ ప్రొటీను టానిన్లను పట్టుకుంటుంది, మిరప మంటను కూడా తగ్గిస్తుంది. నెయ్యి, అన్నంలోని పిండిపదార్థం రెండూ నోటిని మెత్తబరుస్తాయి. బిర్యానీలో పచ్చిమిర్చి ఉన్నా, ఆంధ్ర వేపుళ్లలోని ఎండుమిర్చి దెబ్బ అందులో ఉండదు. వేయించిన ఉల్లిపాయల తియ్యందనానికి గ్రెనాష్ పండు రుచి, షాజీరా, లవంగాల వాసనకు సిరా ఘాటు సహజంగా కలుస్తాయి. రెడ్ వైన్ పక్కన పెట్టదగిన హైదరాబాద్ భోజనం ఒక్కటే చెప్పమంటే దమ్ బిర్యానీ, జీఎస్ఎం జంటను చెప్పవచ్చు.

చిక్కంతా పక్కనున్న మిర్చీ కా సాలన్‌తో. పల్లీలు, నువ్వులు, ఎండుకొబ్బరి నూరిన ముద్దలో చింతపండు పులుపు, లావు పచ్చిమిర్చి కలిసిన ఆ పులుసు రెండు వైపుల నుంచీ దాడి చేస్తుంది. గింజల నూనె కొంత కాపాడుతుంది గానీ పులుపు గెలుస్తుంది. పళ్లెంలో అన్నిటికన్నా ఘాటైన పదార్థాన్ని బట్టే వైన్ ఎంచుకోవాలన్నది ఇక్కడ ఉపయోగపడే నియమం. సాలన్ లేనిదే బిర్యానీ ముద్ద దిగదనుకునేవారు జీఎస్ఎం వదిలి, పులుపు ఎక్కువున్న సాంజోవేజే బ్లెండ్ వైపు వెళ్లాలి; పెరుగు చట్నీతో సరిపెట్టుకునేవారికి ఆ అవసరం లేదు.

సాంజోవేజే ఇటలీలో టస్కనీ ప్రాంతపు ద్రాక్ష, కియాంటీ వైన్‌కు ఆధారం. దానిలో పులుపు సహజంగానే ఎక్కువ కావడంతో టమాటా పులుపు నిండిన వంటలను కూడా తట్టుకుంటుంది. 1970ల్లో తిన్యనెల్లో వంటి వైన్‌లు దానికి కాబెర్నేను జోడించి, అప్పటి స్థానిక నియమాలను పక్కనపెట్టి కొత్త దారి వేశాయి. సూపర్ టస్కన్ అన్న పేరు ఆ ధోరణికే వచ్చింది. హైదరాబాద్‌లోని ఆంధ్ర భోజన హోటళ్ల గోంగూర మాంసానికి దగ్గరగా రాగలిగిన రెడ్ బ్లెండ్ ఇదొక్కటే అనిపిస్తుంది. గోంగూర పులుపు మటన్ కొవ్వును కోసేస్తుంది, వైన్ చేయాల్సిన పనిని ముందే ఆకు చేసేస్తుంది; తన పులుపును నిలబెట్టుకోగలిగిన వైన్ మాత్రమే ఆ పక్కన వైన్‌లా మిగులుతుంది. కాబెర్నే సావిన్యాన్ ఒక్కటే ఉన్న సీసా గోంగూరతో తెరవడం దండగ.

హలీమ్ గురించి రాసేటప్పుడు ఒక మాట ముందుగా చెప్పుకోవాలి. అది రంజాన్ మాసపు ఉపవాస దీక్ష ముగించే ఆహారం. పాతబస్తీలో హలీమ్, నిహారీ, పాయా వడ్డించే హోటళ్లలో మద్యం ఉండదు, అక్కడ దాని ప్రస్తావన కూడా తగదు. ఇంట్లో తమ భోజనబల్ల దగ్గర ఆ వంటకాలు తినేవారికి మాత్రమే ఈ విశ్లేషణ. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీమ్‌లో గోధుమ, మటన్, పప్పులు గంటల తరబడి ఉడికి, ముద్దై, నెయ్యిలో మెరుస్తాయి. నమలడానికి ముక్క మిగలదు. ఎముకల రసం, దీర్ఘంగా ఉడికిన మాంసం ఇచ్చే గాఢమైన రుచిని జపాన్ వారి మాటలో ఇప్పుడు అందరూ ఉమామి అంటున్నారు. అది ఎక్కువైన చోట టానిన్ చేదుగా తేలుతుంది. కొవ్వు ఉంది కదా అని గట్టి బ్లెండ్ పెడితే ఈ చేదే ముందుకొస్తుంది. మెర్లో ఎక్కువగా ఉండి, రెండు మూడేళ్లు సీసాలో మెత్తబడిన బోర్డో శైలి వైన్ హలీమ్‌కు సరిపోతుంది. నిమ్మరసం మాత్రం కొద్దిగానే పిండుకోవాలి.

నాటుకోడి పులుసు, తెలంగాణ మటన్ వేపుడు, కోడి వేపుడు వంటి ఎండుకారం వంటకాలకు రెడ్ వైన్‌ను బలవంతంగా అతికించడం వల్ల ప్రయోజనం లేదు. ఆల్కహాల్ తక్కువ, వగరు తక్కువ ఉన్న రెడ్ దొరికితే బాగా చల్లబరిచి తాగవచ్చు. కొంచెం తీపి మిగిలిన తెల్ల వైన్ దానికన్నా నయం. చల్లని బీరు రెండిటికన్నా నయం. బార్లలో బాగా నడిచే అపోలో ఫిష్ సంగతీ ఇంతే. చేపతో రెడ్ వైన్ ఎందుకు నప్పదో జపాన్ పరిశోధకులు 2009లో వివరించారు: వైన్‌లోని ఇనుము చేప కొవ్వుతో చర్య జరిపి నీచు వాసన పుట్టిస్తుంది. ఇనుము తక్కువగా ఉన్న వైన్‌కు ఆ దోషం అంతగా ఉండదు, కానీ ఏ సీసాలో ఇనుమెంతో లేబుల్ చెప్పదు. చేపల పులుసులో దీనికి తోడు చింతపండు కూడా ఉంటుంది.

శాకాహారానికి రెడ్ వైన్ కుదరదన్నది మరో తొందరపాటు తీర్పు. బగారా బైంగన్‌లో నూనె పీల్చుకున్న వంకాయ, నూరిన నువ్వులు, పల్లీలు, కొబ్బరి కలిసి మాంసానికి దీటైన చిక్కదనాన్ని ఇస్తాయి. చింతపండు కాస్త తగ్గించి వండితే ఈ కూర జీఎస్ఎంకు బిర్యానీ తర్వాత రెండో మంచి తోడు. ఉల్లికారం పెట్టి నూనెలో మగ్గించిన గుత్తి వంకాయ కూడా ఈ కోవలోదే. రసం, సాంబారు, పప్పుచారు, ఆవకాయల దగ్గర వైన్ ప్రసక్తి అనవసరం. ఆవకాయలో ఉప్పు, కారం, పులుపు, ఆవ ఘాటు నాలుగూ గరిష్ఠ స్థాయిలో ఉంటాయి; దానికి తోడు వేడి అన్నం, నెయ్యి.

దుకాణంలో దొరికేవాటి విషయానికి వస్తే, మన దేశపు రెడ్ బ్లెండ్‌లు ఎక్కువగా కాబెర్నే, షిరాజ్‌ల చుట్టూ తిరుగుతాయి. బెంగళూరు దగ్గర నంది హిల్స్ ప్రాంతంలో గ్రోవర్ సంస్థ చేసే లా రిజర్వ్ ఈ రెండింటి కలయిక. బోర్డోకు చెందిన ప్రసిద్ధ వైన్ సలహాదారు మిషెల్ రోలాన్ దీర్ఘకాలం ఆ సంస్థకు సలహాలిచ్చారు. మహారాష్ట్రలో షోలాపూర్ జిల్లా అక్లుజ్ దగ్గరి ఫ్రాటెల్లీ సంస్థ సెట్టె అన్న పేరుతో సాంజోవేజే, కాబెర్నే సావిన్యాన్‌లను కలుపుతుంది. హైదరాబాద్‌కు చెందిన పారిశ్రామికవేత్తలు చిగురుపాటి కృష్ణప్రసాద్, ఉమ దంపతులు కర్ణాటకలో హంపి కొండల దగ్గర క్రిష్మా పేరుతో ద్రాక్షతోటలు పెంచి వైన్ చేస్తున్నారు. ఈ నగరానికి వైన్‌తో ఉన్న సంబంధాల్లో అతి దగ్గరిది అదే. నగర శివార్లలో ఒకప్పుడు పేరుపడ్డ అనాబ్‌షాహి ద్రాక్ష తినడానికి పనికొచ్చే తెల్ల రకం, రెడ్ వైన్‌తో దానికి సంబంధం లేదు. ఆ తోటల్లో చాలావరకు ఇప్పుడు ఇళ్ల స్థలాలు.

దక్కన్ ద్రాక్షతోటల్లో ఏడాదికి రెండుసార్లు, వేసవిలో ఒకసారి, వానలు తగ్గుతున్నప్పుడు మరోసారి, తీగలు కత్తిరిస్తారు. పంట జనవరి, మార్చిల మధ్య చేతికి వస్తుంది. యూరప్‌లో శరదృతువులో జరిగే కోత ఇక్కడ ఎండలు ముదరకముందే ముగుస్తుంది. పండు తొందరగా చక్కెర నింపుకోవడం, పులుపు కోల్పోవడం ఈ నేలల సాధారణ లక్షణం. అందుకే ఈ వైన్‌లు పత్తర్ కా గోష్త్‌తో, కబాబులతో బాగుంటాయి గానీ పులుసుల దగ్గర తడబడతాయి.

గ్రెనాష్ ప్రధానమైన బ్లెండ్‌లు కావాలంటే ఎక్కువగా దిగుమతి సీసాలే దిక్కు. కోత్ దు రోన్ అన్న పేరున్నవి, ఆస్ట్రేలియా జీఎస్ఎంలు వీటిలో తేలికగా గుర్తించదగినవి. దిగుమతి వైన్‌పై కస్టమ్స్ సుంకం చాలాకాలం 150 శాతం ఉండేది. ఆస్ట్రేలియాతో 2022 డిసెంబరులో అమలులోకి వచ్చిన ఒప్పందం వల్ల సీసా దిగుమతి ధర 5 డాలర్లు దాటితే 100 శాతానికి, 15 డాలర్లు దాటితే 75 శాతానికి తగ్గింది, పదేళ్లలో ఇంకా తగ్గేలా ఏర్పాటుంది. పైన రాష్ట్ర పన్నులు ఎలాగూ ఉంటాయి. సీసా కొనేటప్పుడు దుకాణంలో అది ఎక్కడ నిలబెట్టి ఉందో చూడడం మంచిది: ఎండ తగిలే అద్దం పక్కన నెలల తరబడి నిలబడిన రెడ్ వైన్ ఏ ద్రాక్షదైనా ఉడికిన జామ్ రుచికి దిగిపోతుంది.

రెడ్ వైన్‌ను గది ఉష్ణోగ్రతలో తాగాలన్న మాటలోని గది యూరప్‌లోని పాత రాతి ఇల్లు, 16 నుంచి 18 డిగ్రీలు. హైదరాబాద్‌లో ఏప్రిల్, మే నెలల్లో ఇంటి లోపలే 30 డిగ్రీలు దాటుతుంది. ఆ వేడిలో ఆల్కహాల్ ఆవిరి ముందుగా ముక్కుకు తగులుతుంది, పైన చెప్పిన నోటి మంట మరింత పెరుగుతుంది. సీసాను గంటన్నర సేపు ఫ్రిజ్‌లో పెట్టాలి, లేదా మంచుముక్కలూ నీళ్లూ కలిపిన బకెట్‌లో పావుగంట ఉంచాలి. నీళ్లు లేకుండా మంచు మాత్రమే వేస్తే మధ్యలోని గాలి వల్ల చల్లబడడం ఆలస్యమవుతుంది. కారం వంటకాలకు జీఎస్ఎంను 14 డిగ్రీల దాకా దించినా నష్టం లేదు. కాబెర్నే ఎక్కువున్న బ్లెండ్‌ను అంత చల్లబరిస్తే మాత్రం వగరు బిగుసుకుంటుంది.

భోజనం చివర ఖుబానీ కా మీఠానో, డబల్ కా మీఠానో వచ్చేసరికి గ్లాసులో మిగిలిన తీపి లేని రెడ్‌ను పక్కన పెట్టేయాలి. ఎండు ఆప్రికాట్ తీపికి నిలవగలిగిన రెడ్ బ్లెండ్ పోర్ట్ ఒకటే. పోర్చుగల్‌లో దోరో లోయ ద్రాక్షలు అనేకం కలిపి, పులియడం మధ్యలో ద్రాక్ష స్పిరిట్ పోసి ఆపేయడం వల్ల అందులో తీపి మిగిలిపోతుంది, ఆల్కహాల్ 20 శాతం దగ్గర ఉంటుంది కాబట్టి చిన్న గ్లాసు చాలు. సీసాలో మిగిలిన మామూలు రెడ్‌ను బిరడా బిగించి ఫ్రిజ్‌లో పెడితే, కాబెర్నే బ్లెండ్ రెండు మూడు రోజులు నిలుస్తుంది. గ్రెనాష్ పాలు ఎక్కువున్నదాన్ని గాలి త్వరగా పాడుచేస్తుంది కాబట్టి మర్నాటికే ముగించాలి, మర్నాడు బిర్యానీ మిగిలి ఉన్నా లేకపోయినా.